మామూలుగా ఉండమన్న ముగ్గురు, మాట్లాడని మా మామ

రండమ్మా, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫ్యాను కింద వద్దు, దాని చప్పుడులో నా మాట సగం ఎగిరిపోతుంది. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూడా వినవచ్చు. నేను చదివింది ఐదో తరగతి. అందులోనూ చివరి సంవత్సరం బడికన్నా మా చెల్లెలి ఉయ్యాల దగ్గరే ఎక్కువ గడిచింది. అయితే చూసింది మాత్రం మరచిపోను. ఎవరు ఏ మాటన్నారో, అన్నప్పుడు చేతిలో ఏం పట్టుకున్నారో కూడా చెప్పగలను. అది వరమో శాపమో ఈ కథ అయ్యాక మీరే చెప్పండి.

ఆ రోజుల్లో మనుషులకు ముఖాలు సగమే ఉండేవి. కరోనా వచ్చి అందరి మూతులకూ గుడ్డలు కట్టించింది గదా, గల్లీలో ఎదురొచ్చేది ఎవరో నడకను బట్టి, చెప్పుల చప్పుడును బట్టి పోల్చుకోవాల్సి వచ్చేది. (నేనొకసారి భుజం మీది ఎర్ర తువ్వాలు చూసి మా ఆయనే అనుకుని, వెనక నుంచి కూరగాయల సంచి చేతికిచ్చేశాను. ఆయన ఒరిస్సా మనిషి. పాపం, ఒక్క మాట అనకుండా మా గుమ్మం దాకా మోసి పెట్టిపోయాడు.) ఆ రోగం రావటానికి కొన్ని నెలల ముందే నేను పెళ్ళయి సూరత్‌కు వచ్చాను. డిండోలిలో ఒక పొడుగాటి వరస గదుల ఇంట్లో, చివరి గది మాది. ఆ ఒక్క గదిలో అత్త, మామ, మా ఆయన, నేను. మామ, మా ఆయన ఇద్దరూ సాంచెల మీద పని. సాంచెలంటే కరెంటు మగ్గాలు. అవి ఒక్క కప్పు కింద వరసగా ఆడుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని అక్కడ పనిచేసే వాళ్ళు గొంతు వాడరు. పెదవులు కదిలిస్తారు, ఎదుటివాడు చూసి తెలుసుకుంటాడు. దారం తెగిందన్నా, చాయ్ తాగుదామన్నా, మేనేజర్ వస్తున్నాడన్నా అంతా పెదవుల మీదే.

ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. మా అత్త కూడా పడుచుతనంలో సాంచెల దగ్గర దారం కండెలు చుట్టిన మనిషే. గదిలో ఈ మూల అత్త, ఆ మూల మామ, మధ్యలో నేను. నా తల మీదుగా ఇద్దరూ చప్పుడు లేకుండా పెదవులు ఆడించుకునేవారు. కొత్త కోడలిని గదా, నా గురించే అనుకున్నాను. రెండు మూడు రోజులు ఓర్చుకుని, ఒక పొద్దున మా ఆయనను పట్టుకుని అడిగాను.

"మీ అవ్వ, బాపు నన్ను చూసి ఏందో అనుకుంటున్నరు. నేనేం తప్పు చేసిన్న?"

"నీ గురించి గాదే పిచ్చిదానా, ఉల్లిగడ్డ ధర గురించి. గది మా సాంచెల బాస. నువ్వు గూడ నేర్చుకో, గొంతు మిగుల్తది."

నేర్పింది మామే. కనుబొమల్లో ఎప్పుడూ దూది నూగు అంటుకుని ఉండే సన్నటి పొడుగాటి మనిషి. అరుగు మీద కూర్చోబెట్టుకుని, "నా మూతి చూడు బిడ్డా, కండ్లు గాదు, మూతి" అనేవాడు. నేను మొదట నేర్చుకున్న మాట 'చాయ్'. ఎందుకంటే ఆయన రోజులో ఎక్కువసార్లు అనేది అదే. పుట్టింటి మీద బెంగతో ఉన్న నాకు ఆ గదిలో మొదట దొరికిన స్నేహితుడు ఆయనే.

లాక్‌డౌన్ పెట్టినప్పుడు సాంచెలన్నీ ఆగిపోయి ఊరు ఊరంతా చెవులు మూసుకున్నట్టయింది. చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది మూటలు కట్టుకుని జగిత్యాల దిక్కు, సిరిసిల్ల దిక్కు వెళ్ళిపోయారు. మా అత్తా పోదామంది. మామ మాత్రం కదలనన్నాడు. "సాంచె ఇయ్యాల బందైతే రేపు నడుస్తది. ఊళ్ళె నాకేమున్నది? నన్నెరిగినోళ్ళందరు గీడనే ఉన్నరు. నేను సచ్చేదాక సూరత్‌లనే ఉంట" అన్నాడు. ఆ మాట గుర్తు పెట్టుకోండి. ఆయన అడిగింది అదొక్కటే.

సాంచెలు మళ్ళీ మొదలయ్యాయి. అంతలో మా పక్క గదిలో ఒకాయనకు ఆ రోగం వచ్చింది. అంతే, మా అత్త ఇంట్లో కూడా మూతికి గుడ్డ తీయవద్దని శాసనం చేసింది. ఎక్కడెక్కడి చీర ముక్కలో తెచ్చి మాస్కులు కుట్టింది. సూరత్ చీరలు గదా, నాకు వచ్చిన దానికి జరీ అంచు. మా ఆయన మూతి మీద అద్దాల పని. ఇక తినేటప్పుడు తీయక తప్పదు కాబట్టి, తలా ఒక గోడకు తిరిగి కూర్చుని, మాట్లాడకుండా తినాలి. నలుగురం నాలుగు గోడలకు మొక్కుతున్నట్టు కూర్చుని అన్నం తినేవాళ్ళం. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు మెతుకు గొంతు దిగేది కాదు.

ఆ శాసనం వచ్చిన దగ్గరి నుంచే మామ మారిపోయాడు. పిలిస్తే పలకడు. పలకకపోగా కళ్ళతోనే చిన్నగా నవ్వి తలూపుతాడు. అన్నం తింటావా అంటే తలూపుతాడు. తిన్నావా అన్నా తలూపుతాడు. అత్త తన మీదే కోపమనుకుని రెండు పూటలు అలిగింది. ఆ అలక కూడా ఆయనకు తెలియలేదు. మా ఆయన ఒకరోజు పరీక్ష పెట్టాడు.

"బాపూ, మన సాంచెల సేఠ్ నిన్ను దత్తత తీసుకుంటడట. ఆయన బంగ్లాల ఉంటవా?"

మామ నవ్వి తలూపాడు.

"చూసినవా అవ్వా? నేను చెప్తలేనా, బాపుకు దిమాగ్ ఖరాబైంది."

"నీ దిమాగ్ ఖరాబైంది. బంగ్లా అంటే ఎవడొద్దంటడురా?" అంది అత్త. అన్నది గానీ, ఆ సాయంత్రం దేవుడి పటం ముందు చాలాసేపు నిలబడింది.

సరిగ్గా ఆ సమయంలోనే మా గదుల వరసకు ఆ ముగ్గురు వచ్చారు. ఏదో పెద్ద కాలేజీ వాళ్ళు. మనుషులు రోజూ చేసే మామూలు పనులు ఎట్లా చేస్తారు, ఎట్లా కూర్చుంటారు, ఎట్లా పలకరించుకుంటారు, ఈ రోగం వచ్చాక అవన్నీ ఎట్లా మారాయి అని చూడటానికి వచ్చారట. ముగ్గురివి మూడు రకాల చదువులు. ఒకే మనిషిని మూడు చదువులూ కలిసి చూస్తే సంగతి బాగా తెలుస్తుందట. మనసు గురించి చదివిన గుజరాతీ మేడమ్ ఒకావిడ, ఆమెకు మేము 'ప్రశ్నల మేడమ్' అని పేరు పెట్టాం. ఒంటి కదలికల గురించి చదివిన బక్కపలచటి సారు ఒకాయన, మెడ ఎటు తిరిగింది, చేయి ఎంత లేచింది అని చూస్తూ ఫోన్‌లో వీడియో తీస్తుండేవాడు కాబట్టి ఆయన 'కొలతల సారు'. మూడో ఆమె మన కరీంనగర్ పిల్లే. ఆచారాలూ మాటలూ ఆమె చదువు. ఉబ్బసం ఉందని గుడ్డ కట్టుకోకుండా ముఖం ముందు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పలక ఒకటి పెట్టుకుని వచ్చేది. ఆమె 'అద్దం పిల్ల'.

"మీరు మామూలుగా ఉండండి చాలు. రోజూ ఏం చేస్తరో గదే చేయున్రి" అంది అద్దం పిల్ల.

అమ్మా, మామూలుగా ఉండటం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది! మర్నాడు మా అత్త పట్టుచీర కట్టుకుని గిన్నెలు తోమింది. నల్లా దగ్గర ఎన్నడూ లేనిది "ముందు మీరు పట్టుకోండి వదినా, కాదు ముందు మీరు" అని బిందెలు పట్టుకుని అరగంట నిలబడ్డారు, నీళ్ళు ఆగిపోయాయి, ఎవరికీ చుక్క దొరకలేదు. మా గదుల వరసలో రోజూ పొద్దున్నే పెళ్ళాన్ని తిట్టే ఒకాయన ఆ రోజు ఆమెను 'మీరు' అన్నాడు. ఆమె భయపడి ఏడ్చింది. పైగా ఇంటికొచ్చిన వాళ్ళ ముందు మన పని మనం చేసుకోవటం మర్యాద కాదు గదా, అందరూ పనులు మానుకుని వాళ్ళకెదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ళు మమ్మల్ని చూస్తున్నారు, మేము వాళ్ళను చూస్తున్నాం, పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. కొలతల సారు ఆ రోజు వీడియో తీసిందల్లా మేము చాయ్ గ్లాసులు అందించటమే.

నాలుగైదు రోజులకు మాకు అలవాటైంది. పట్టుచీర పెట్టెలోకి పోయింది, తిట్లు మళ్ళీ మొదలయ్యాయి, ముగ్గురి ముఖాలూ కళకళలాడాయి. మా చివరి గదికి గాలి బాగా వస్తుందని ఎక్కువగా మా గుమ్మంలోనే కూర్చునేవారు. అట్లా వాళ్ళ చూపు మా మామ మీద పడింది. పడటం కాదు, ఒక వింత జరిగింది. అద్దం పిల్ల ఆయన ఎదుట కూర్చుని, "తాతా, సూరత్ ఎప్పుడొచ్చినవే?" అని అడిగింది. మేము నవ్వి తలూపుతాడనే అనుకున్నాం. మామ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు!

"నేనా బిడ్డా? మొదలు బార్డోలీ దిక్కు చెరుకు కొట్టవోయిన. చేతులన్ని కోసుకపోయినయి. గాడికెళ్ళి ఒకడు సూరత్‌ల సాంచెలున్నయి, నీడ పట్టు పని అన్నడు. వచ్చిన. గంతే, ఇగ పోలే."

గంటసేపు చెప్పాడు. అత్త గుమ్మం దగ్గర గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. మా ఆయన పని నుంచి వచ్చి ఆ మాటలు విని, తువ్వాలు కింద పడేసి, "అంటే మాటొచ్చు. మాతోటి మాట్లాడుడే ఇష్టం లేదన్నమాట" అన్నాడు. ఆ మాటలో ఉన్న నొప్పి నాకు ఇప్పటికీ వినబడుతుంది.

ముగ్గురూ మా గదిలోనే వాదించుకున్నారు. పని ఆగిన నెలల్లో ఆయన లోపల దిగులు గూడు కట్టిందని ప్రశ్నల మేడమ్. కాదు, ఏళ్ళ తరబడి సాంచె ముందు నిలబడి నిలబడి ఒళ్ళు నెమ్మదించిందని కొలతల సారు. అద్దం పిల్ల మాత్రం మెల్లగా, "మన ఇండ్లల్ల పెద్దోళ్ళు అలిగితే ఇంటోళ్ళతోటి మాట్లాడరు, బయటోళ్ళతోటి మస్తు మాట్లాడతరు. మా తాత గూడ గంతే" అంది. ఇప్పుడే ఏమీ అనుకోవద్దని, మళ్ళీ వచ్చి చూస్తామని మేడమ్ మరీ మరీ చెప్పి వెళ్ళింది. కానీ మా ఇంట్లో వాళ్ళకు మనసుకెక్కింది అద్దం పిల్ల మాటే. మన పిల్ల గదా, మన సంగతి ఆమెకు తెలుసు అనుకున్నారు.

"ఏం తక్కువ చేసినమే అవ్వా ఈయనకు? మేమంటే పడకపోతే బిడ్డ దగ్గర ఉండనీ" అన్నాడు మా ఆయన. మా ఆడబిడ్డది జగిత్యాల దగ్గర పల్లె. మా వరసలో ఒకాయన అటే పోతున్నాడు, తోడు కూడా దొరికింది. మా ఆయన మామ ముందు నిలబడి, మూతి మీది అద్దాల గుడ్డ తళతళలాడుతుండగా, "బాపూ, అక్క దగ్గరికి పోతవా?" అని అడిగాడు. మామ నవ్వి తలూపాడు. "అడిగిన గదా, సరే అన్నడు" అన్నాడు మా ఆయన మాతో.

స్టేషన్‌లో అందరం మాస్కులు బిగించుకుని నిలబడ్డాం. సంచి చేతికిచ్చినప్పుడుగానీ మామకు సంగతి పూర్తిగా అర్థమైనట్టు లేదు. మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు, కిందికీ పైకీ. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. అత్త కళ్ళు తుడుచుకుంటూ ఏదో చెబుతోంది, మా ఆయన నీళ్ళ సీసా తేవటానికి పోయాడు. నాకప్పుడు ఎక్కడి ధైర్యం వచ్చిందో. అత్తింట్లో అప్పటిదాకా గట్టిగా మాట్లాడి ఎరుగని దాన్ని, కిటికీ ఊచలు పట్టుకుని అన్నాను.

"మామా, మీకు పోబుద్ధి కాకుంటే దిగున్రి. ఆయనకు నేను చెప్త. మీరు లేకుంటే నాకు ఈడ మంచిగనిపియ్యది. దిగున్రి మామా."

ఆయన నా కళ్ళలోకి చూసి, చిన్నగా నవ్వి, తలూపి, ఊచల్లోంచి చేయి బయటపెట్టి నా తల నిమిరాడు. దిగుతాడనుకున్నాను. దిగలేదు. రైలు కదిలింది. దిగనంటున్నాడు, పోవాలనే ఉంది ఆయనకు, మా ఆయన అన్నదే నిజం అనుకుంటూ ఇంటికొచ్చాను. నా స్నేహితుడు నన్ను కూడా కాదనుకున్నాడనే బాధతో ఆ వారమంతా అరుగు మీద కూర్చోలేకపోయాను.

కొన్నాళ్ళకు ముగ్గురూ చెప్పినట్టే మళ్ళీ వచ్చారు. మామ ఏడని అడిగారు. చెప్పాం. మేడమ్ నుదురు పట్టుకుని కూర్చుంది. కొలతల సారు తన కంప్యూటర్ తెరిచి, మా గదిలో తీసిన వీడియో పెట్టాడు. ఒకచోట ఆపి, వచ్చీరాని హిందీలో అన్నాడు (ఆయనది మద్రాసు వైపు). మనం మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళు చూస్తాం, ఈయన చూపు చూడండి, కొంచెం కిందికి ఉంది, ఎవరితో ఉన్నా అక్కడే వెతుకుతోంది, అని. మేడమ్ దగ్గరికి జరిగింది. ఇది దిగులు ముఖం కాదు, అర్థం చేసుకోవటానికి పాటుపడి పాటుపడి అలసిన ముఖం, అంది. అద్దం పిల్ల చేయి దానంతటదే తన ముఖం ముందున్న పలక మీదికి పోయింది.

"నా మూతి కనవడ్తుండె" అంది. "మీ అందరియి కనవడకపోతుండె. తాతకు చెవులు వినవడయి. పెదవులు చూసి మాట్లాడుతుండె."

ముగ్గురి దగ్గర మూడు ముక్కలున్నాయి, మా గది చాప మీద ఆ రోజు అతుక్కున్నాయి. ఏం లాభం, మనిషి చాప మీద లేడు.

మా అత్త ఆ కంప్యూటర్‌లో మామ ముఖం వైపు చూస్తూ అంది.

"సాంచెల చప్పుడుకు ఎన్నడు పోయినయో ఏమో చెవులు. నేను మాట్లాడితే కండ్లార్పకుండ నా మొకమే చూస్తుండె. లగ్గమైన కాడికెళ్ళి గంతే. నా మొకమంటే ఆయనకు గంత పాణమనుకున్న!"

నవ్వాలో ఏడవాలో తెలియక అందరం నవ్వాం. అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే మూతి గుడ్డ తీసి కళ్ళు తుడుచుకుంది. దాన్ని మళ్ళీ కట్టుకోలేదు.

అప్పటికప్పుడు ఆడబిడ్డకు వీడియో ఫోన్ చేశాం. మామ కనబడగానే అత్త, మా ఆయన, నేను మూతి గుడ్డలు లేకుండా ఒక్కసారి గొంతు చించుకుని అరిచాం. ఆయన విసుక్కున్నాడు.

"అరువకున్రి! అరిస్తే మీ మూతులు వంకరపోతున్నయి, ఏం సమజైతలేదు. ఒక్కొక్కలు మెల్లగ చెప్పున్రి."

"చెవులు వినవడ్తలేవని చెప్పకపోతివేందే బాపూ?" అన్నాడు మా ఆయన, ఏడుపు గొంతుతో.

"చెప్తే ముసలోడు పనికిరాడని ఊరికి తోల్తరనుకున్న" అన్నాడు మామ. "చెప్పకున్నా తోలిండ్రు గదరా" అని నవ్వాడు.

వెంటనే రమ్మన్నాం. ఆయనా సరే అన్నాడు, సంచి కూడా సర్దుకున్నాడు. అయితే రోగం రెండోసారి విరుచుకుపడింది. ఎవరూ కదిలే పరిస్థితి లేకపోయింది. అది తగ్గేసరికి మామ నిలబడే సాంచె మీద ఇంకొక పడుచు పిల్లవాడు నిలబడి ఉన్నాడు. మా ఆయన మేనేజర్ కాళ్ళావేళ్ళా పడ్డాడు, పెద్దవాళ్ళను ఇక తీసుకోవటం లేదన్నాడతను. ఆ సంగతి తెలిశాక మామే వద్దన్నాడు. "సాంచె లేని సూరత్‌ల నేనేం జేస్త? గోడలకు మొక్కుకుంట కూసోవాల్నా?" అన్నాడు. అప్పటి నుంచీ ఊళ్ళోనే ఉన్నాడు. చెవికి మిషన్ పెట్టించాం, చీమలు పాకినట్టుందని తీసి డబ్బాలో పెట్టుకున్నాడు. బాగానే ఉన్నాడు. బాగానే ఉన్నానంటాడు.

నా మనసులో మాత్రం ఆ రైలు కిటికీ అట్లాగే ఉండిపోయింది. మొన్నీమధ్య వీడియో ఫోన్‌లో అడిగేశాను.

"మామా, ఆనాడు రైలు కాడ నేనేమన్ననో తెలుసా మీకు?"

"అందరు అనేదే అన్నవనుకున్న బిడ్డా. పైలం, చేరినంక ఫోన్ చెయ్యి అని. గందుకే తలూపిన."

అప్పుడు నేను ఫోన్ దగ్గరగా పట్టుకుని, గొంతు వాడకుండా, ఆయన నేర్పిన బాసలోనే, ఆ మాటలన్నీ మళ్ళీ పెదవుల మీద చెప్పాను. పోబుద్ధి కాకుంటే దిగున్రి. ఆయనకు నేను చెప్త. మీరు లేకుంటే నాకు మంచిగనిపియ్యది. ఆయన కళ్ళు చిన్నవి చేసుకుని చివరిదాకా చూశాడు. తెర మీద బొమ్మ కదలకపోయేసరికి ఫోన్ ఆగిపోయిందేమో అనుకున్నాను.

"గా మాట కనవడుంటే దిగుతుంటి బిడ్డా" అన్నాడు. మళ్ళీ తనే నవ్వి, "కదిలినంక గూడ రైలు గంత జోరు మీద లేకుండె" అన్నాడు.

ఇప్పుడు రైలు దగ్గరి నేను, ఆ కొత్త కోడలు పిల్ల, తలపుకొస్తే నాకు జాలీ నవ్వూ కలిసి వస్తాయి. ముక్కు దాకా గుడ్డ బిగించుకుని, అత్తింట్లో మొదటిసారి ఇంత ధైర్యంగా మాట్లాడాను గదా అనుకుంటూ ప్లాట్‌ఫాం మీద నిలబడిన పిల్ల. ఒక్క క్షణం ఆ ముడి విప్పి ఉంటే చాలు. ఎవరు చెప్పాలి ఆ పిల్లకు?

సరే, చీకటి పడకముందే లేవండి, మీ వాళ్ళు ఎదురుచూస్తుంటారు. మీ పొయ్యి ఎప్పుడూ వెచ్చగా ఉండాలి, మీ ఇంటి పెద్దలు మీ గుమ్మంలోనే చల్లగా కూర్చుని ఉండాలి, అనాలనుకున్న మాట మీ ఇంట్లో ఎవరికీ ఆలస్యం కాకూడదు. పోయిరండి తల్లీ.